ముసర వెళ్ళిన దారి

తెలుగు మాట ఒకటి వాడుకలోంచి జారిపోయిందంటే మనం బాధపడతాం. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంట్లో మరో భాష మాట్లాడుకుంటూ పొరుగు రాష్ట్రాల్లో బతికే మనకు, మాట పోవడమంటే ఇంట్లోంచి వస్తువు పోయినట్టే. అయితే, పోయినందుకు సంతోషించవలసిన మాట కూడా ఒకటుంది. అది ‘ముసర’.

ఇవాళ ముప్పై, నలభై ఏళ్ళ లోపు వాళ్ళను అడిగితే ఆ మాట ఎప్పుడూ విననట్టు చూస్తారు. డెబ్భై దాటిన సేద్యగాళ్ళను అడగండి. ‘పక్క ఊళ్ళో ముసర పడిందట’ అనే కబురు ఇంటిల్లిపాదికీ ఎలా నిద్ర పట్టనిచ్చేది కాదో వాళ్ళు చెబుతారు. పశువుల అంటురోగాలన్నిటిలోకీ పెద్దది అదే. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని రిండర్‌పెస్ట్ అంటాయి. నిజానికది జర్మన్ మాట, పశువుల మహమ్మారి అని అర్థం. మన ఇరుగుపొరుగుల్లో కన్నడిగులు దొడ్డరోగ అన్నారు, తమిళులు వెక్కై అన్నారు, మరాఠీవాళ్ళు బుళకాండి అన్నారు, బెంగాలీలు మనుషుల మశూచితో పోల్చి గోబసంత అన్నారు. ఎవరి భాషలో వాళ్ళు పేరు పెట్టుకున్న ఆ రోగం ఇప్పుడు భూమి మీద లేదు. మనిషి ప్రయత్నించి లోకంలోంచి పూర్తిగా తుడిచివేయగలిగిన రోగాలు ఇంతవరకూ రెండే. మొదటిది మశూచి, 1980లో పోయిందని ప్రకటించారు. రెండోది ముసర, 2011లో పోయిందని ప్రకటించారు.

మశూచి పోయిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. ముసర పోయిన సంగతి, దానివల్ల ఎక్కువగా బాగుపడిన రైతులకే సరిగా తెలియదు. టీకా వచ్చింది, రోగం పోయింది అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. టీకా లేకపోతే ముసర పోయేది కాదన్నమాట నిజమే. కానీ టీకా వచ్చిన తరవాత కూడా అది మన దక్షిణాదిలో దశాబ్దాల పాటు మొండిగా కూర్చుంది. చివరికి దాన్ని సాగనంపడంలో రెండెడ్లూ ఒక ఆవూ ఉన్న చిన్న రైతు కొట్టంలో పాటించిన పద్ధతికి, సమయానికి అతను చెప్పిన కబురుకు ఉన్న పాత్ర చిన్నది కాదు. ఆ సంగతి మరచిపోతే ఏమవుతుందో ఈమధ్య చూస్తూనే ఉన్నాం. అందుకే ఈ చరిత్ర ఒకసారి తిరగేసుకోవడం మంచిది.

రోగం తీరు

ముసర వైరస్ వల్ల వచ్చే రోగం. మనుషుల్లో తట్టు కలిగించే వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ముందు జ్వరం విపరీతంగా వస్తుంది. పశువు మేత మాని, నెమరు మాని నిలబడిపోతుంది. కళ్ళవెంట, ముక్కువెంట నీరు కారి క్రమంగా చిక్కబడుతుంది. చిగుళ్ళ మీద, పెదవుల లోపల తవుడు చల్లినట్టు పొక్కులు లేచి పుళ్ళవుతాయి. నోటివెంట సొంగ కారుతుంది. ఆ తరవాత పారుడు మొదలవుతుంది, దుర్వాసనతో, నెత్తురుతో. ఒంట్లో నీరంతా పోయి, కళ్ళు లోతుకుపోయి, వారం పది రోజుల్లో చాలా పశువులు పడిపోతాయి. మైదానపు నాటు పశువులు కొంతవరకు తట్టుకునేవి. కొండ పశువులు, విదేశీ జాతులు, సంకరజాతి పశువులు తట్టుకోలేకపోయేవి.

అంతటి రోగానికీ కొన్ని బలహీనతలున్నాయి. ఆ వైరస్ పశువు ఒంట్లో తప్ప బయట ఎక్కువ సేపు బతకదు, ఎండ తగిలితే తొందరగా నశిస్తుంది. అంచేత అది ముఖ్యంగా పశువు పక్కన పశువు నిలబడినప్పుడు ఊపిరి ద్వారా, సొంగ ద్వారా, పేడ ద్వారా అంటుకుంటుంది. ఒకే తొట్టిలో కుడితి తాగినా, ఒకే గాటిపాటన మేసినా అంతే. ఒకసారి వచ్చి తగ్గిన పశువుకు జన్మలో మళ్ళీ రాదు, ఆ పశువు రోగాన్ని లోపల దాచుకుని ఇతరులకు పంచదు. అంటే, జబ్బు చేసిన గొడ్డును మిగతావాటినుంచి విడదీసి, కొన్ని వారాలపాటు కొత్త గొడ్డు దరిచేరకుండా ఆపగలిగితే ఆ ఊళ్ళో ముసర తనంత తానే చచ్చిపోతుంది. ఈ రోగం చరిత్రంతా ఈ చిన్న సూత్రాన్ని మనుషులు ఎంతవరకు పాటించగలిగారు అన్న కథే.

ఒంటెద్దు మిగిలిన ఇల్లు

పెద్ద కామందు ఇంట్లో ఇరవై పశువుల్లో పది పోతే నష్టమే. కానీ కాడెడ్లు రెండే ఉన్న ఇంట్లో ఒకటి పోతే రెండోది ఉన్నా లేనట్టే. ఒంటెద్దుతో నాగలి సాగదు. జత కలపాలంటే అదే ఎత్తు, అదే నడక, అదే వయసు ఉన్న ఎద్దు దొరకాలి, దొరికినా కొనడానికి డబ్బుండాలి. తొలకరికి ముందు ముసర పడితే విత్తనం అదను తప్పేది. అదను తప్పిన రైతు అప్పుకు వెళ్ళేవాడు. ఆవు పోయిన ఇంట్లో పిల్లలకు పాలు, అమ్ముకునే నెయ్యి, పొలానికి ఎరువు, రేపటి ఎద్దు కాబోయే దూడ, నాలుగూ ఒక్కసారి పోయేవి. అందుకే ఊరి మాటల్లో గొడ్డు చావు మనిషి చావుతో సమానంగా నిలిచింది. 

ఈ భయంలోంచి పుట్టిన నిందలు కూడా చరిత్రలో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాదిన పశువులు గుంపులుగా చచ్చినప్పుడు, తోళ్ళ కోసం చర్మకారులు విషం పెట్టారని అనుమానించి వాళ్ళను వేధించిన సందర్భాలున్నాయి. అప్పటి పోలీసులు కూడా ఆ అనుమానాన్ని పెంచి పోషించారు. విషం పెట్టిన సంఘటనలు కొన్ని ఉంటే ఉండవచ్చు. కాని ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేసింది రోగమే. రోగం ఎలా వస్తుందో తెలియనిచోట చచ్చిన గొడ్డును మోసుకుపోయేవాడే దోషిగా కనిపించాడు.

తోరణం కింద మంద

మన పల్లెలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. పొలిమేరలో వేపమండలతో తోరణం కట్టి, ఊరి పశువులన్నిటినీ దాని కింద నడిపించడం దక్కనులో చాలాచోట్ల ఉన్న ఆచారం. గ్రామదేవతకు జాతర చేసి, రోగాన్ని ఊరు దాటించడం మరొకటి. జాతర జరిగినన్నాళ్ళు బయటివాళ్ళు ఊళ్ళోకి రాకూడదు, ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటకూడదు అన్న కట్టుబాటు కొన్నిచోట్ల ఉండేది. కొత్త గొడ్డును కొన్నరోజులు విడిగా కట్టడం, జబ్బు గొడ్డు తినగా మిగిలిన గడ్డిని మరో గొడ్డుకు వెయ్యకుండా కాల్చడం, వేపాకు పొగ వెయ్యడం ఇంటింటా ఉన్న జాగ్రత్తలు.

వీటిని ఇవాళ మూఢనమ్మకాలని కొట్టిపారెయ్యడం తేలిక, పూర్వీకుల విజ్ఞానమని నెత్తిన పెట్టుకోవడం అంతకన్నా తేలిక. రెండూ తొందరపాటే. పొలిమేర దాటవద్దన్న కట్టుబాటు ముసర మీద నిజంగా పనిచేసే మందు. ఎంగిలి గడ్డి కాల్చడం కూడా అంతే. కానీ ఊరి గొడ్లన్నిటినీ, బాగున్నవాటినీ జబ్బుతో ఉన్నవాటినీ కలిపి, ఒక తోరణం కిందికి తోలడం వైరస్ కోరుకున్న పనే. ఒకే ఆచారంలో మేలూ కీడూ కలిసే ఉన్నాయి. ఏది మేలు, ఏది కీడు అని తేల్చి చెప్పగలిగిన విద్య అప్పటికింకా మన ఊళ్ళకు రాలేదు.

ఐరోపాలోనూ మొదట పరిస్థితి ఇంతే. 1713 ప్రాంతంలో రోము చుట్టుపక్కల పశువుల మహమ్మారి చెలరేగినప్పుడు పోపు గారి వైద్యుడు లాంచిసి, జబ్బు పశువులను చంపి సున్నం వేసి పాతిపెట్టాలనీ, పశువుల రాకపోకలు ఆపాలనీ కట్టడి చేయించాడు. ఈ మహమ్మారి దెబ్బల వల్లే ఫ్రాన్సులో బూర్జెలా అనే ఆయన 1762లో లియాన్ నగరంలో ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల తెరిచాడు. అంటే పశువైద్యం అనే చదువు పుట్టుకకే ముసర ఒక ముఖ్య కారణం. 1880ల చివర అది ఆఫ్రికా తూర్పుతీరంలో అడుగుపెట్టి పదేళ్ళలో దక్షిణ కొసకు చేరింది. చాలా ప్రాంతాల్లో నూటికి ఎనభై, తొంభై పశువులు పోయాయి, పశువుల మీదే బతికే జాతులు కరువుపాలయ్యాయి.

చట్టం, సీరం, అనుమానం

మన వైపు చూస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో 1866లోనే పశురోగాల చట్టం వచ్చింది. అప్పటి ప్రెసిడెన్సీ అంటే ఇప్పటి మన పాఠకుల్లో చాలామంది ఊళ్ళు అందులోవే. గంజాం, బళ్ళారి, హోసూరు, ఉత్తర ఆర్కాటు అన్నీ ఒకే ఏలుబడి కింద ఉండేవి. ఆ తరవాత భారత ప్రభుత్వం హాలెన్ అనే సైనిక పశువైద్యుడి నాయకత్వంలో ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం దేశమంతా తిరిగి 1871లో నివేదిక ఇచ్చింది. మన దేశపు పశువుల మహమ్మారీ, ఐరోపా రిండర్‌పెస్టూ ఒకటేనని అందులో తేలింది.

1889లో పూనాలో పశురోగాల పరిశోధనశాల మొదలయింది. రోగకారక క్రిములతో ఊరి నడుమ పని చెయ్యడం ప్రమాదమని 1893లో దాన్ని కుమావూ కొండల్లోని ముక్తేశ్వరానికి తరలించారు. క్షయ క్రిమిని కనుక్కున్న రాబర్ట్ కాక్ 1897లో అక్కడికి వచ్చాడు. కొద్దికాలానికే అక్కడ ముసరకు సీరం తయారుచెయ్యడం మొదలుపెట్టారు. రోగం వచ్చి తగ్గిన పశువు నెత్తుటినుంచి తీసిన ఆ సీరం, ఎక్కించిన పశువును కొద్ది రోజులు మాత్రం కాపాడుతుంది. ఎక్కువ కాలం కాపాడాలంటే సీరంతోపాటు రోగపు నెత్తురు కూడా ఎక్కించేవారు. ఈ పద్ధతిలో కొన్ని పశువులకు నిజంగానే జబ్బు వచ్చేది. సూది వేయించిన ఆవు ఈడుచుకుపోతుందనీ, పాలు తగ్గుతాయనీ రైతులు పశువులను అడవిలోకి తోలి దాచేవారని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. వాళ్ళ అనుమానం పూర్తిగా వట్టిది కాదని ఒప్పుకోవాలి.

దక్షిణాదిలో 1903లో మద్రాసు వేపేరిలో పశువైద్య కళాశాల వచ్చింది. 1920లలో మైసూరు సంస్థానం బెంగళూరు దగ్గర హెబ్బాళలో సీరం సంస్థ పెట్టింది. 1932లో ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో మద్రాసు ప్రభుత్వం మరొకటి పెట్టింది. ఈ రాణిపేటను గుర్తుంచుకోండి, మన కథ చివర మళ్ళీ ఆ జిల్లాకే వస్తుంది. 1940లో మద్రాసులో ప్రత్యేకంగా ముసర మీదనే ఒక చట్టం చేశారు. ఒక్క రోగానికి ఒక చట్టం కావలసి వచ్చిందంటే అది ఎంత పీడించిందో ఊహించుకోవచ్చు.

మేక ఇచ్చిన టీకా

1920ల చివర ముక్తేశ్వరంలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఒక విషయం గమనించాడు. ముసర వైరస్‌ను మేకనుంచి మేకకు వరసగా ఎక్కిస్తూ పోతే అది పశువులను చంపే బలం పోగొట్టుకుంటుంది, కాని రక్షణ కలిగించే గుణం పోగొట్టుకోదు. అలా వచ్చిందే మేక కణజాలపు టీకా. ఒక్క మేకనుంచి ఎన్నో పశువులకు సరిపడా టీకా వచ్చేది, సీరంతో పోలిస్తే బాగా చవక. నాటు పశువులకు అది చక్కగా సరిపోయింది.

స్వతంత్రం వచ్చాక, యానాం ఫ్రెంచి పాలననుంచి బయటపడిన 1954లోనే, దేశమంతటా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలయింది. నూటికి ఎనభై పశువులకు టీకా వేస్తే మిగిలిన ఇరవైలో రోగం పాకడానికి దారి దొరకదని లెక్క వేశారు. ఊరూరా టీకా బృందాలు తిరిగాయి. రాష్ట్రాల సరిహద్దుల్లో తనిఖీ స్థానాలు వెలిశాయి. పది పన్నెండేళ్ళలో రోగం బాగా తగ్గింది. వేలల్లో కనిపించిన రోగపు రాజుకోలు వందల్లోకి దిగింది.

అక్కడే కథ ఆగిపోయింది. ఎనభై శాతం అన్నది కాగితం మీద సగటు. ఒక ఊళ్ళో అన్ని పశువులకూ వేసి, పక్క ఊళ్ళో సగానికే వేసినా సగటు బాగానే కనిపిస్తుంది, రోగం మాత్రం ఆ పక్క ఊళ్ళో బతికే ఉంటుంది. ఏటా పుట్టే దూడలు టీకాకు అందవు. పాడి కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు పెరిగినకొద్దీ, మేక టీకా వాటికి మరీ గట్టిదై జబ్బు తెప్పించేది. వాటికోసం వేరే టీకాలు కావలసి వచ్చాయి. కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ 1960 ప్రాంతంలో కణాల పెంపకంతో తయారుచేసిన టీకా ఈ చిక్కును తీర్చింది. ఏ జాతి పశువుకైనా, చూడి పశువుకైనా వెయ్యవచ్చు. అయితే చల్లదనం తప్పితే పాడయిపోతుంది. మంచు పెట్టె ఖాళీ అయిన మధ్యాహ్నం వేసిన సూది వట్టి నీళ్ళ సూదే.

ఇంకో చిక్కు, పశువులు నిలకడగా ఉండవు. దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యం జాతర, ఈరోడు జిల్లా అందియూరు పరస, షోలాపూరు సిద్ధేశ్వర జాతర లాంటి చోట్ల చుట్టుపక్కల రాష్ట్రాల గొడ్లు ఒక్కచోట చేరతాయి. సంతకు వెళ్ళిన జత కొత్త ఊరు చేరేసరికి వెంట ఏం తెచ్చిందో ఎవరికీ తెలియదు. పైకి చూస్తే ఒళ్ళు నిగనిగలాడుతూనే ఉంటుంది, జ్వరం నాలుగైదు రోజుల తరవాత తేలుతుంది. ఇది మన ఒక్క దేశపు కథ కూడా కాదు. 1920లో మన దేశంనుంచి బ్రెజిల్‌కు ఓడలో వెళుతున్న మూపురపు పశువులు దారిలో బెల్జియం దేశపు ఆంట్వెర్ప్ రేవులో ఆగినప్పుడు వాటివల్ల ముసర అక్కడ అంటుకుంది. ఆ కలవరంతోనే 28 దేశాలు కలిసి 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థను స్థాపించుకున్నాయి.

చివరి మజిలీ

1980లు వచ్చేసరికి ఉత్తర భారతం చాలావరకు తేరుకుంది. ముసర చివరి కోట దక్షిణ ద్వీపకల్పం. అంటే మనమున్న నేల. 1992లో మరో జాతీయ పథకం మొదలయింది. ఈసారి అధికారులు పాత లెక్కల మీద ఆధారపడలేదు, రోగం ఎక్కడ దాక్కుందో వెతకడానికి బయలుదేరారు. ఊరూరా తిరిగి రైతులనూ కాపరులనూ అడిగారు. మందలు నడిచే దారుల వెంట వెతికారు. పశువైద్యశాలల్లోని రోజువారీ పుస్తకాలు తిరగేసి, ముసర లక్షణాలతో వచ్చిన పశువులేమైనా ఉన్నాయా అని చూశారు. 

ఈ వెతుకులాటలో అసలు పని చేసింది చిన్న రైతు నోటి మాట. పొరుగూరి పాలాయన, గొర్రెల కాపరి, సంతలో దళారి చెప్పిన కబుర్లే దారి చూపాయి. కబురు చెబితే తమ గొడ్డుకు హాని చేస్తారన్న భయం పోయినచోట కబురు తొందరగా వచ్చింది. వచ్చినచోట చుట్టూ టీకా వేసి, రాకపోకలు ఆపి, రోగాన్ని అక్కడికక్కడే ఆర్పగలిగారు.

మన దేశంలో ముసర చివరిసారి కనిపించింది 1995లో, తమిళనాడు ఉత్తర ఆర్కాటులో. చిత్తూరును ఆనుకుని, ఇళ్ళల్లో తెలుగు ఇప్పటికీ వినిపించే జిల్లా. అరవై మూడేళ్ళ కిందట ముసర సీరం కోసం రాణిపేటలో సంస్థ పెట్టిన జిల్లాలోనే ముసర చివరి ఊపిరి వదిలింది. ఆ తరవాత దశలవారీగా టీకా ఆపేశారు. టీకా ఆపిన తరవాతా పశువుల నెత్తురు పరీక్షిస్తూ, ఊళ్ళు వెతుకుతూ ఏళ్ళు గడిపితేగాని రోగం లేదని రుజువు కాదు. 2006లో మన దేశానికి ముసర లేదన్న గుర్తింపు పూర్తిగా దక్కింది. ప్రపంచం మొత్తం మీద చివరి జాడ 2001లో కెన్యాలో. 2011 జూన్ 28న ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ముసర లేని లోకాన్ని ప్రకటించింది.

సరిహద్దు మనుషులకు మిగిలిన పని

పోయిన రోగం సరే, ఇప్పుడెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ముసర ఖాళీ చేసిన చోట మరికొన్ని వచ్చి కూర్చున్నాయి. 1987లో తమిళనాడు విల్లుపురం దగ్గర అరసూరులో గొర్రెలకూ మేకలకూ వచ్చిన ఒక జబ్బును పరీక్షిస్తే, అది ముసర కాదు, దాని చుట్టం అని తేలింది. దాన్నే ఇప్పుడు పారుడు రోగం అంటున్నాం. అంతకుముందు మేకల్లో కనిపించినదాన్నల్లా ముసరే అనుకునేవాళ్ళు. 2030 నాటికి దాన్ని కూడా లోకంలోంచి పంపించాలని ప్రపంచ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి. మేకే బీదవాడి ఆవు కనుక ఈ పని ముసరకన్నా తక్కువది కాదు.

2019లో ముద్దచర్మ వ్యాధి మన దేశంలో మొదట ఒడిశాలో కనిపించింది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో చెలరేగి మహారాష్ట్ర, కర్ణాటకలకు పాకింది. ఆ ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద లక్షకు పైగా పశువులు చనిపోయాయి. సంతలు మూయించారు. మేకల మశూచి టీకానే పశువులకు వేశారు. ఈ రోగాన్ని ఈగలు, దోమలు, పిడుదులు మోస్తాయి, కనుక విడదీసి కట్టడం ఒక్కటే చాలదు. కొట్టంలో పేడ నిలవ ఉండనివ్వకుండా, సాయంత్రం వేపాకు పొగ వేసి, వీలైతే దోమతెర కట్టాలి. ఆ కాలంలో చాలాచోట్ల వినిపించిన మాట ఏమిటంటే, మొదటి గొడ్డుకు బొబ్బలు లేచినప్పుడు ఎవరికీ చెప్పలేదు, అమ్ముడుపోదేమోనని. ముసర కాలంలో మన పెద్దలు కష్టపడి నేర్చుకున్న మొదటి పాఠమే అక్కడ జారిపోయింది.

ఆ పాఠాలు పెద్దవేమీ కావు. కొత్తగా కొన్న గొడ్డును మూడు వారాలు వేరే చోట కట్టి, వేరే తొట్టిలో నీళ్ళు పెట్టాలి. బాగున్నవాటి పని ముగించాకే జబ్బు గొడ్డు దగ్గరికి వెళ్ళాలి, తిరిగి వచ్చేటప్పుడు చేతులూ కాళ్ళూ కడుక్కోవాలి. జబ్బు గొడ్డును సంతకు తోలకూడదు. అది మన నష్టాన్ని ఇంకొకరి కొట్టానికి అమ్మడమే. చచ్చిన పశువును వాగులో పారెయ్యకుండా లోతుగా తవ్వి సున్నం చల్లి పూడ్చాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే, గాలికుంటు టీకా ఆరునెలలకోసారి వేయించాలి. 2019లో మొదలైన జాతీయ పథకం కింద గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. చెవికి వేసే పసుపుపచ్చ బిళ్ళ మీద పన్నెండు అంకెలుంటాయి. అది పశువు పేరూ ఊరూ లాంటిది, పీకి పారెయ్యకూడదు. అన్నిటికన్నా ముందు, అనుమానం కలిగిన రోజునే పశువైద్యుడికి కబురు చెయ్యాలి.

ఇందులో మనకు, అంటే సరిహద్దుల్లో ఉన్న తెలుగువాళ్ళకు, ప్రత్యేకమైన బాధ్యత ఒకటుంది. ఒక రాష్ట్రం టీకా వేసిన నెలలో పక్క రాష్ట్రం వెయ్యకపోవచ్చు. కరపత్రం తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వస్తుంది. ఇంట్లో పశువులు చూసుకునే అత్తమ్మలకూ అవ్వలకూ ఆ లిపి రాకపోవచ్చు. రెండు భాషలూ తెలిసిన పిల్లలు ఆ కాగితం చదివి ఇంట్లో తెలుగులో చెబితే అది అక్షరాలా ప్రాణం నిలిపే పని. అలాగే ‘దొడ్డరోగ’ అని కన్నడంలో, ‘వెక్కై’ అని తమిళంలో ఎవరు ఏ పేరుతో చెప్పినా అదీ ఇదీ ఒకటేనని గుర్తించి కబురు అటునుంచి ఇటు చేరవెయ్యగలిగినవాళ్ళం మనమే. రోగానికి పొలిమేరలు లేవు. దాన్ని ఆపే మాటకు కూడా ఉండకూడదు.

ముసర చూసిన తరం మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఏ ఏడాది, ఏ ఊళ్ళో పడింది, ఏ పేరుతో పిలిచారు, గొడ్లను ఎక్కడ కట్టారు, సూదిమందు వేసేవాళ్ళు వచ్చినప్పుడు ఊరు ఏమంది, ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, మళ్ళీ జత ఎలా కలిపారు, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. ప్రభుత్వ నివేదికల్లో లెక్కలుంటాయి, ఒక ఇంట్లో ఒంటెద్దు మిగిలిన సంగతి ఉండదు. వాళ్ళను కూర్చోబెట్టి అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసి పెట్టుకోవాలి. ముసర మళ్ళీ రాదు. కొట్టంలో కొత్త జబ్బు అడుగు పెట్టిన మొదటి రోజున ఏం చెయ్యాలో మాత్రం ఆ పెద్దల మాటల్లో ఉంది.